పప్పుడికే నీళ్లు

మా అత్త రామమ్మ అనంతగిరి దవాఖాన నుంచి ఇంటికి రావాల్సిన ఎండకాలం, మా ఇంటిల్లిపాది ఒక మోటరుకు చాకిరి చేసినం. యాభై ఎనిమిదో సంవత్సరం అది. మోటరంటే ఆషామాషీది కాదు, అమెరికాల తయారైంది. హైదరాబాదుల ఒక నవాబు ఇంట్ల పదేండ్ల సంది గుడ్డ కప్పుకోని పండుకున్నదాన్ని మా ఆయన రాజేందర్ తాండూరుకు తోలుకొచ్చిండు. దాని అసలు పేరు ఆయన ఒక తీరుగ పలుకుతుండె, బజారోళ్లు ఇంకో తీరుగ పలికేటోళ్లు. ఎందుకొచ్చిన లొల్లి అని ఇంట్ల మేము పెద్దబండి అన్నం. దానిమ్మ గింజ రంగు, ముందర తళతళ మెరిసే జాలి, ముగ్గురు మనుషులు నిమ్మళంగ కూసునేటంత ముందుసీటు. అసొంటిది మా దిక్కు ఇంకొకటి లేకుండె.

అయితే అది కొండ ఎక్కకపోయేది. అదొక్కటే దానికి రాదు, మాకు కావాల్సింది అదొక్కటే.

ఎందుకంటే చెప్త. రెండేండ్ల కింద మా అత్తకు టీబీ అని తేలింది. ఆమెను దవాఖానకు పంపిన తీరు నేను ఇప్పటికీ మర్వలే. మా మామ గూడుబండికి చుట్టూ దుప్పట్లు కట్టిచ్చి, తెల్లారకముందే ఎనుక గల్లీకెళ్లి స్టేషన్‌కు సాగనంపిండు. రైల్ల ఆమె ఒక్కసారి దగ్గింది. పక్కన కూసున్నోళ్లు మూటలు సర్దుకోని లేచి అవుతలికి పోయిండ్రు. అనంతగిరిల మంచం మీద కూసున్నంక నా చెయ్యి పట్టుకోని అన్నది.

"మనోరమా, సస్తే ఇక్కడ్నే సస్త. బతికితే పట్టపగలు, నలుగురు చూస్తుండంగ మా బజార్లకెళ్లి వస్త. దొంగలెక్క పోయిన, దొంగలెక్క రాను. మల్ల రైలెక్క."

బతికింది. సూదులు, గోలీలు, కొండగాలి, ఆమె మొండితనం, ఏది బతికిచ్చిందో నాకెరుక లేదు. ఆ చైత్రంల డాక్టరు మమ్ముల కూసోబెట్టి చెప్పిండు. "రోగం పోయింది. ఇగ అంటుకునేది ఏం లేదు. వానలు మొదలయ్యే మిరుగు కార్తె లోపల తీస్కపోండి, మంచాల కోసం మస్తుమంది ఎదురుచూస్తున్నరు."

ఆ మాట ఇంటికొచ్చి చెప్తే మా మామ మొఖం ముడుసుకున్నడు. "మంచిదే. మామిడి తోటల గుడిసె ఏపిస్త. జనం నోర్లు మూతపడేదాక అక్కడుంటది. గూడుబండి పంపుదం, ఎనుక దారికెళ్లి తోటకు పోతది."

"అమ్మను నేను పెద్దబండిల తెస్త," అన్నడు మా ఆయన. "బజార్లకెళ్లే తెస్త. ఇంటికే తెస్త."

"నీ బండి ముందు కొండెక్కి దిగనీ, చూద్దం. మిరుగు దాక ఆగుత. కాకుంటె గూడుబండే."

మా మామ చెడ్డోడు కాదు. జనానికి భయపడ్డడు, అంతే. నాకు ఆ భయం మీదనే కోపం.

ఆదివారం ఆదివారం మేము అత్తకు బువ్వ కట్టుకోని పోయేటోళ్లం. పెట్రోలు వికారాబాదులనే పోపియ్యాలె గన్క, చుట్టుపట్ల మోటర్లున్న దొరలందరు ఆ దినం పొద్దుగాల స్టేషన్ ముందటి చాయ్ హోటల్ కాడ జమయ్యేటోళ్లు. అందరంటే నలుగురే. పూడూరు బాల్‌రాజ్, దోమ ఊరి మహేందర్, మా తాండూరు బండల యాపారి చంద్రప్ప, మా ఆయన. బండ్లను వరుసగ నిలబెట్టి, బానెట్లు లేపి, చాయ్ కప్పులు పట్టుకోని ఒకరి ఇంజన్ల ఒకరు తొంగిచూసుడు. నేను మా బండిలనే కూసోని, అద్దం దించుకోని, అన్నీ ఇనేదాన్ని. కన్నబిడ్డల ముచ్చట గూడ ఆడోళ్లం గంత ముద్దుగ చెప్పుకోం.

"మొన్న వాగుల దిగబడ్డది," అన్నడు మహేందర్. "రెండు జతల ఎడ్లు కట్టి గుంజిపిచ్చిన. చూడు, రంగు మీద ఒక్క గీత లేదు. ఎడ్ల కొమ్ములకు గుడ్డలు చుట్టిచ్చిన."

"గదేం ముచ్చట," అన్నడు బాల్‌రాజ్, మీసం దువ్వుకుంట. "నెల దినాలు తియ్యకుంటె నా బండి ఎనుకసీటు కింద కోడి పొదిగింది. పదకొండు పిల్లలు. అవి నడక నేర్చేదాక బండి కదపలే. కాని తోలు సీటు సలామత్ ఉన్నది."

"ఏన్రీ బాల్‌రాజ్, కోడికి కిరాయి అడగలేదా?" అన్నడు చంద్రప్ప. ఆయన పుట్టింది కర్ణాటక అంచు ఊర్ల, మాటకు ముందు ఒక 'ఏన్రీ' పడాల్సిందే.

నవ్వి నవ్వి, ఇగ మా బండి మీద పడ్డరు. వికారాబాదు దాక బానే వచ్చేది పెద్దబండి. అనంతగిరి కొండ రెండో మలుపు కాడ మాత్రం ముందరి జాలికెళ్లి బుసబుస ఆవిరి కొట్టి నిలబడిపోయేది. రేడియేటర్ల నీళ్లు సలసల మసిలేవి. అక్కడి నుంచి నేను, మా ఆయన టిఫిన్ పట్టుకోని కొండంత నడిచేటోళ్లం. మా అత్త వరండాల నిలబడి దారి దిక్కు చూస్తుండేది. చీరెల మూట కట్టి మంచం కింద పెట్టుకున్నది. "బండేది?" అని అడిగేది. "కింద చల్లారుతుంది అత్తమ్మా," అనేదాన్ని. "చల్లారనీ తియ్యి, నాకేం తొందర," అనేది. నాకు ఏడుపొచ్చేది.

ఆ దొరలు చెప్పిన ఇగురాలన్నీ చేసి చూసినం. దిష్టి తగిలిందని బాల్‌రాజ్ అంటె నిమ్మకాయలు కట్టినం. ముందర తడి గోనెసంచి కట్టమని మహేందర్ అంటె కట్టినం. ఎనకకు నడిపిస్తె గాలి తగిలి వేడెక్కదని చంద్రప్ప అంటె, ఒక ఆదివారం ఎనక ముందు చేసి కొండెక్కబోయినం. నేను కిటికీల తల బయటపెట్టి దారి చెప్తున్న, ఎదురొచ్చే బండ్లోళ్లు నోర్లు తెరిచి చూస్తున్నరు. అదే రెండో మలుపు, అదే ఆవిరి. హైదరాబాదు మేస్త్రీనడిగితే రేడియేటర్ మార్చాలె, కొత్తది బొంబాయి నుంచి రావాలె, వానకాలం దాటుతదన్నడు.

ఆ తర్వాతి ఆదివారం హోటల్ కాడ బాల్‌రాజ్ అన్నడు. "రాజేందర్, అమ్మను తెచ్చేనాడు జర ముందుగాల చెప్పు. మా ఎడ్ల జతను కొండ కింద కట్టేసి ఉంచుత. మోటరు ముందట ఎడ్లు, ఎనుక మేము. ఊరేగింపు ఉన్నట్టే ఉంటది."

అందరు నవ్విండ్రు. మా ఆయన గూడ నవ్విండు. కాని చాయ్ సగంల ఇడిచిపెట్టి బండెక్కిండు.

మిరుగుకు ఇంక పన్నెండు దినాలు. మా మామ గూడుబండికి కొత్త చాప కుట్టిస్తున్నడు.

పెద్దబండికి చాకిరి అన్న కదా, అందుల సగం ఈరయ్యదే. ఈరయ్య గొర్లు కాసేటింట్ల పుట్టినోడు, మా కొట్టంల పసులను ఇరవై ఏండ్లు చూసుకున్నోడు. మోటరొచ్చినంక పసులను తన అల్లునికి అప్పజెప్పి దీని కాడికొచ్చిండు. నడుపుడు రాదు గని చాలూ చేసుడు, బందు చేసుడు, కడుగుడు, తుడుసుడు అన్నీ ఆయనే. అన్నిటికన్న ముఖ్యం, బండికి నీళ్లు తాపుడు. పొద్దుగాల లేవంగనే రేడియేటర్ల పాత నీళ్లన్నీ వదిలేసి, మా బండల గని బాయికెళ్లి చల్లటి నీళ్లు చేదుకొచ్చి నింపేటోడు. మాపటికి మల్ల అదే పని. తిరిగొచ్చినా అంతే, తిరగకున్నా అంతే.

"రోజు రెండుసార్లు ఎందుకు ఈరయ్యా?" అని అడిగిన ఒకనాడు.

"అదేంది దొరసాని, నోరులేనిదానికి నిన్నటి నీళ్లు పెడ్తమా?" అన్నడు. ఆయన మొఖంల అంత ప్రేమ చూసి నేను ఇంట్లకు మర్లిపోయిన.

ఆ వారంలనే ఒక పొద్దు, మా వంటింటి హన్మమ్మ స్నానాల నీళ్లు కాగబెట్టే రాగి డేగిస ముందటేసుకోని రుద్దుతుంది. తాండూరు నీళ్ల సంగతి తెలిసిందే, బండల నడుమ ఊరే నీళ్లు. కాగబెడుతుంటె లోపల తెల్లగ, గట్టిగ గార కడ్తది. హన్మమ్మ పాత చింతపండు పిసికి డేగిస నిండ పోసి నానబెట్టింది. కట్టెతోని రెండుసార్లు తిప్పంగనే ఆ గార పెచ్చులు పెచ్చులుగ ఊడొచ్చింది.

"గీ గార పట్టినంక కట్టెలు ఎన్ని పెట్టినా దండుగ దొరసాని," అన్నది. "మంటంతా గారకే సరిపోతది, నీళ్లకు అందది."

నేను అట్లనే నిలబడ్డ. పొయ్యి మీద డేగిసలకు నెల్లాళ్లల్ల గింత గార పడితె, రోజూ నిప్పు లెక్క కాలే ఇంజన్ల, పొద్దుకు ఒకసారి మాపటికి ఒకసారి కొత్త నీళ్లు పోస్తె, ఎంత పడాలె?

చేతులు గూడ తుడుసుకోకుంట కొట్టంలకు ఉరికిన. ఈరయ్యతోని రేడియేటర్ మూత తీపిచ్చి వేలు పెట్టిన. వేలు కొసకు గరుకుగ తగిలింది. బయటికి తీస్తే తెల్లటి సున్నం.

ఆ మాపు మా ఆయనకు చెప్పిన. ఆయన మొదలు నవ్విండు, తర్వాత కోపానికొచ్చిండు. "చింతపులుసు పోస్తవా? మోటరుకు? నవాబులు సవారి చేసిన బండి అది మనోరమా, మీ వంటింటి గంజు కాదు."

"నవాబులు దానికి ఏ నీళ్లు పోసిండ్రో అడిగిండ్రా మీరు?"

"హైదరాబాదు మేస్త్రీకి తెల్వంది నీకు తెలిసిందా? దాని మీద చెయ్యేస్తె ఊకోను," అని, తెల్లారి మల్ల ఆ మేస్త్రీ కాడికే రైలెక్కి పోయిండు. ఆయన రైలు కదిలిందో లేదో, నేను చింతపండు జాడి కిందికి దించిన.

భయం లేదంటె అబద్ధం. బండి ఖరాబైతె మా ఆయన మొఖం ఎట్ల చూడాలె, మా అత్త మొఖం ఎట్ల చూడాలె. అయినా పిసుకుతనే ఉన్న. పాత పంచెల రెండుసార్లు వడగట్టిన, ఒక్క పీచు, ఒక్క ఈనె లోపలికి పోవద్దని. ఆ పులుసు రేడియేటర్ల నింపి, ఈరయ్య ఇంజన్ చాలూ చేసిండు. బాగ వేడెక్కనిచ్చి, బందు చేసి, చల్లారినంక కింద తూము తిప్పినం.

మొదలు నల్లటి నీళ్లొచ్చినయి. తర్వాత తెల్లగ, చిక్కగ, కుడితి లెక్క. దాంట్ల గుడ్డు పెంకుల మాదిరి పెచ్చులు. చూస్తుండంగనే నేల బండల మీద కుప్ప పడ్డయి.

ఈరయ్య ఆ కుప్ప ముందట కూలబడ్డడు. ఒక పెచ్చు చేతిలకు తీస్కోని, "నేనేనా దొరసాని?" అన్నడు. "నా చేతులతోని నేనే దాని గొంతుల మన్ను పోసిన్నా?"

ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "నువ్వు ప్రేమతోనే పోసినవ్ ఈరయ్యా," అన్న. "తప్పు నీళ్లది. లే, ఇంకో దఫా పోద్దం."

రెండు దినాలల్ల ఐదుసార్లు పోసినం. ఐదోసారి తూముకెళ్లి వచ్చిన పులుసు ఎట్ల పోసింది అట్లనే వచ్చింది. ఇగ ఏం నీళ్లు నింపాల్నని నేను, ఈరయ్య మొఖాలు చూసుకుంటున్నం. బాయి నీళ్లు పోస్తె మల్ల మొదటికే. వాన పడేదాక ఆగనీకి దినాలు లేవు.

హన్మమ్మ చేటల బియ్యం చెరుగుకుంటనే అన్నది. "పప్పుకు ఏ నీళ్లు తెస్తమో అవే పొయ్యుండ్రి."

నా నెత్తి మీద నేనే కొట్టుకున్న. మా బాయి నీళ్లల్ల కందిపప్పు పొద్దుందాక ఉడికినా బద్దలు బద్దలుగనే ఉంటది. అందుకని పప్పు మట్టుకు కాగ్నా ఏటి ఇసుకల చెలిమ తోడి, ఆ నీళ్లు తెచ్చి వండుకుంటం. ఆ నీళ్లు కాగబెట్టిన గంజుకు గార పట్టంగ నేనెన్నడు చూడలే. పప్పు మెత్తగ ఉడికిచ్చే నీళ్లు ఇంజన్‌కు మాత్రం ఎందుకు పడయి? ఈరయ్య అప్పటికే కావడి ఎత్తుకున్నడు.

మా ఆయన ఉత్త చేతులతోని తిరిగొచ్చిండు. కొట్టంలకు పోయి ఆ తెల్లటి కుప్ప చూసి, కూసోని, ఒక పెచ్చు ఏళ్ల నడుమ నలిపిండు.

"ఎవలు చేసిండ్రు?"

"నేనే."

నేను తిట్లకు తయారుగ నిలబడ్డ. ఆయన లేచి చొక్కా చేతులు మడుసుకున్నడు.

"చింతపండు ఇంక ఉన్నదా?" అన్నడు.

మిరుగుకు ముందటి దినం, పొద్దుగాలనే బయలెల్లినం. మా ఆయన నడుపుతుండు, నేను, ఈరయ్య ఎనుకసీట్ల. ఈరయ్య ఒళ్లె కాగ్నా నీళ్ల కుండ. వికారాబాదు దాటి కొండ మొదలైతున్న కాడ చూస్తె, మేము వచ్చేది ఎట్లనో తెలుసుకోని బాల్‌రాజ్ మాట నిలబెట్టుకున్నడు. ఎడ్ల జత కట్టేసి ఉంది, కొమ్ములకు పూలు గూడ చుట్టిచ్చిండు. మహేందర్, చంద్రప్ప గూడ బండ్లు ఆపుకోని చెట్టు కింద నిలబడ్డరు. మా ఆయన వాళ్ల కాడ ఆగలే.

మొదటి మలుపు. ఇంజన్ గుర్రుమంటున్నది. ఈరయ్య ముందుసీటు మీద చెయ్యేసి, ఏరు దాటే ఎద్దుకు చెప్పినట్టు "హా, హా, పోవాలె, పోవాలె," అని మెల్లగ అంటున్నడు. రెండో మలుపు వచ్చింది. నేను కండ్లు మూసుకున్న. తెరిచి చూస్తె మూడో మలుపు. ముందర జాలి మీద ఆవిరి లేదు, ఎండ మాత్రం మెరుస్తున్నది. మా ఆయన ఎనకకు తిరిగి చూడలే గని ఆయన చెవులు ఎర్రగైనయి. సంతోషమైతె ఆయనకు చెవులే ఎర్రగైతయి.

మా అత్త వరండా మెట్లు దిగి కింద నిలబడ్డది, మూట చంకల పెట్టుకోని. బండి వచ్చి ఆమె కాళ్ల ముందర ఆగింది. ఎడ్ల ముచ్చట ఆమె చెవిల గూడ పడ్డది గన్క, అటు ఇటు చూసింది.

"ఎడ్లేవి?" అన్నది.

"కింద గడ్డి మేస్తున్నయి అత్తమ్మా," అన్న.

అప్పుడు నవ్వింది. రెండేండ్లల్ల ఆమె పండ్లు కనిపించంగ నవ్వుడు నేను అదే చూసుడు. దవాఖాన నర్సమ్మలు, ఆయాలు అందరు బండి చుట్టు జమైండ్రు. ఆమె ఎవరి చెయ్యి పట్టుకోకుంట, తనకు తానె ముందుసీట్లకు ఎక్కి కూసున్నది.

కిందికి దిగేసరికి దొరలు ముగ్గురు దారి మీదికొచ్చి నిలబడ్డరు. బాల్‌రాజ్ మా అత్తకు రెండు చేతులెత్తి మొక్కిండు. తర్వాత వంగి జాలిల ముక్కు పెట్టినంత పని చేసిండు. "ఏం చేసినవ్ రాజేందర్? బొంబాయి సామాను వచ్చిందా?"

"నన్నెందుకు అడుగుతవ్? ఎనుక కూసున్నది, ఆమెనడుగు."

మూడు మొఖాలు నా కిటికీ కాడికొచ్చినయి. అన్ని ఆదివారాలు నేను ఇన్న, ఇగ వాళ్లు ఇనే వంతు. చింతపండు ఎంత, ఎన్నిసార్లు, వడగట్టుడు ఎట్ల, ఏ నీళ్లు పొయ్యాలె, అన్నీ చెప్పిన. చంద్రప్ప జేబులకెళ్లి కాగితం తీసి రాసుకున్నడు. "ఏన్రీ వదినా, కొత్త చింతపండా, పాతదా?" అని మల్ల అడిగిండు. పాతదే అని చెప్పిన, జర గర్వంగనే చెప్పిన.

తాండూరు దాక నాలుగు బండ్లు ఒక్క వరుసల వచ్చినయి, ముందట మాది. బజారు మొగదలకు రాంగనే మా అత్త పైట సర్దుకోని, "అద్దం దించు," అన్నది. మా ఆయన పూరాగ దించిండు. దుకాణాలల్లకెళ్లి జనం బయటికొచ్చిండ్రు. కొందరు పిల్లలను లోపలికి గుంజుకున్నరు. ఆమె అది చూసింది, అయినా తల దించలే, ఒక్కొక్కరిని పేరు పెట్టి పలకరించుకుంట పోయింది. పూలమ్మే శాంతవ్వ గంప దించి, బండి పక్కన నడుచుకుంట ఒక మూర మల్లెపూలు ఆమె చేతిలనే పెట్టింది. చెయ్యి చెయ్యికి తగిలింది. శాంతవ్వ చెయ్యి గుంజుకోలే. ఎనుక మూడు హారన్లు ఒక్కసారి మోగినయి.

ఇంటి ముందర మా మామ నిలబడి ఉన్నడు, ఒక్కడే. అరుగు పక్కన గూడుబండి, కొత్త చాపతోని, ఎడ్లు కట్టి తయారుగ ఉంది. మా ఆయన ఇంజన్ బందు చెయ్యలే. మా అత్త దిగలే, ముందటికే చూస్తున్నది. ఒక్క మాట తోట అన్నడా, ఆమె మల్ల కొండకే తిప్పమంటది, నాకెరుకే.

మామ మెల్లగ వచ్చి ఆమె దిక్కు తలుపు తీసిండు. రెండేండ్లల్ల ఒక్కసారి కొండెక్కని మనిషి, ఆమె మొఖం దిక్కు చూస్కుంట నిలబడ్డడు. ఎనుక దొరలు బండ్లల్లనే కూసున్నరు. బజారు బజారంత మా గుమ్మం కాడికి వచ్చింది.

"జర జరుగు," అన్నడు మామ.

ఆమె జరగలే. "అంటుకుంటదేమో," అన్నది.

"అంటుకోనీ."

అప్పుడు జరిగింది. మామ ఎక్కి, ఆమె పక్కన భుజానికి భుజం ఆనిచ్చి కూసోని, తలుపు గట్టిగ ఏసుకున్నడు.

"ఎటు నాయినా?" అన్నడు మా ఆయన.

"బజార్లకెళ్లే," అన్నడు మామ. "మెల్లగ పోనియ్. అందరు చూడాలె."